తలకు బలమైన దెబ్బ తగిలి ఎరుక రాని మనిషి కోలుకుంటాడా: అయిదో వారంలో ఏం చెప్పగలం, ఏం చెప్పలేం

అమ్మా, మీరు రాసిన వివరాలు పూర్తిగా చదివాను. ఇలాంటి స్థితిలో ఉన్న మరో కుటుంబానికి కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. చెన్నైలో పని చేసుకుంటూ పండగకు ఊరొచ్చి, రణస్థలం దాటాక హైవే మీద బండి అదుపు తప్పి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. 108లో తీసుకువెళ్లేటప్పటికి మాట లేదు, కళ్లు తెరవలేదు, గిల్లితే చేతులు ఛాతీ మీదికి ముడుచుకున్నాయి, కంటిపాపలు మాత్రం రెండూ వెలుగుకు స్పందించాయి. విశాఖపట్నంలో పుర్రె ఎముక ఒక పక్క తీసి, లోపలి రక్తపు గడ్డను తొలగించారు. ఇప్పుడు అయిదో వారం నడుస్తోంది. గొంతుకు పెట్టిన గొట్టం ద్వారా సొంతంగానే ఊపిరి తీసుకుంటున్నాడు, రెండు వారాలుగా కళ్లు తెరుస్తున్నాడు, కాని పిలిస్తే పలకడు, ఎవరినీ చూస్తున్నట్టు అనిపించడు. ఒక డాక్టరుగారు "ఇక ఇంతే, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. మరొకరు "నెల తిరిగేసరికి లేచి కూర్చుంటాడు" అన్నారు. ఎవరి మాట నమ్మాలి, జీడితోట అమ్మి వైద్యం కొనసాగించాలా అన్నది మీ ప్రశ్న.

తలకు దెబ్బ తగిలినవారిని, ఐసీయూ రోజులు గడిచిన తరువాత, విజయనగరంలో చాలా ఏళ్లుగా చూస్తూ వస్తున్నవాడిగా చెబుతున్నాను: అయిదో వారంలో ఆ రెండు మాటల్లో ఏ ఒక్కటీ అంత గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు. మీ తమ్ముడికి మళ్లీ ఎరుక వచ్చే అవకాశం నిజంగానే ఉంది. అది ఎంతవరకు వస్తుందో, ఎప్పటికి వస్తుందో ఒక్క రోజు పరీక్షతోనూ, ఒక్క స్కానుతోనూ తేలదు. వారాల తరబడి ఒకే పద్ధతిలో పరీక్షిస్తూ, మార్పు ఏ దిక్కున పోతోందో గమనించడం ద్వారానే అది తెలుస్తుంది. ఆ గమనింపులో సగం పని మంచం పక్కన ఉండే మీ చేతుల్లోనే ఉంది.

ముందుగా అతను ఏ స్థితిలో ఉన్నాడో చూద్దాం. కోమా అంటే కళ్లు మూసుకునే ఉండి, ఎంత కదిపినా మెలకువ రాని స్థితి. అది సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి సాగదు. ఆ లోపు ప్రాణం పోవడమో, కళ్లు తెరవడమో జరుగుతుంది. మీ తమ్ముడు కళ్లు తెరుస్తున్నాడు, నిద్రపోతున్నాడు, మళ్లీ మేలుకుంటున్నాడు, కనుక అతను ఇప్పుడు కోమాలో లేడు. మెలకువ వచ్చింది, ఎరుక వచ్చిందో లేదో తేలవలసి ఉంది. మెలకువ ఉండి, తనను గురించి గాని చుట్టూ ఉన్నవాటిని గురించి గాని ఎరుక కనిపించని స్థితిని 1972లో బ్రయాన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ అనే ఇద్దరు వైద్యులు మొదటిసారి విడిగా వర్ణించారు. మీకు ఇచ్చిన కాగితంలో 'వెజిటేటివ్ స్టేట్' అని రాసినది దాన్నే. దానికి పైమెట్టు మరొకటి ఉంది. ఎరుక ఉంటుంది, కాని కొద్దిగా, వస్తూ పోతూ ఉంటుంది. ఉదయం చూపు నిలిపిన మనిషి మధ్యాహ్నం నిలపకపోవచ్చు. దీన్ని 2002లో జోసెఫ్ జియాసినో బృందం 'మినిమల్లీ కాన్షస్ స్టేట్'గా నిర్వచించింది. ఈ రెండో మెట్టు మీద ఉన్నవారు, అదే సమయానికి మొదటి మెట్టు మీదే ఉన్నవారి కంటే మెరుగ్గా కోలుకుంటారు. భవిష్యత్తు చెప్పబోయే ముందు అతను ఏ మెట్టు మీద ఉన్నాడో తేల్చుకోవడం అందుకే తప్పనిసరి. బ్రెయిన్ డెడ్ అన్నది వీటిలో దేనికీ చెందదు; అందులో మెదడు మొత్తం, ఊపిరి నడిపే మెదడు కాండంతో సహా, తిరిగి రాకుండా ఆగిపోతుంది. సొంతంగా ఊపిరి తీసుకునే మనిషిని ఎవరైనా బ్రెయిన్ డెడ్ అంటే అది పొరపాటు మాట.

ఈ మెట్టు తేల్చడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వైద్య బృందం అంతా ఏకాభిప్రాయంతో వెజిటేటివ్ అని తేల్చిన 44 మందిని కోమా రికవరీ స్కేల్ అనే పద్ధతితో మళ్లీ పరీక్షిస్తే, వారిలో 18 మందికి ఎరుక ఉన్నట్టు తేలింది. అంటే నూటికి నలభై మందికి పైగా. వైద్యులు అజాగ్రత్తగా ఉన్నారని దీని అర్థం కాదు. రౌండ్లకు వచ్చిన డాక్టరు మంచం దగ్గర ఉండేది కొద్ది నిమిషాలు; ఆ నిమిషాల్లో రోగి మగతలో ఉండవచ్చు, జ్వరంతో ఉండవచ్చు, రాత్రి ఇచ్చిన మత్తు మందు ఇంకా దిగకపోయి ఉండవచ్చు. దెబ్బ వల్ల చెవి వినపడకపోయినా, చేతులు బిగుసుకుపోయినా, లోపల ఎరుక ఉండి కూడా చూపించలేడు. అందువల్ల రెండు వారాల వ్యవధిలో, వేర్వేరు వేళల్లో, కనీసం అయిదు సార్లు పరీక్షిస్తే తప్ప ఎరుక లేదని తీర్పు చెప్పకూడదని 2017లో వచ్చిన పరిశోధన సూచించింది. మన జిల్లాల్లో ఈ స్కేల్ వాడేవారు తక్కువ. దానికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. వినికిడి, చూపు, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ అనే ఆరు భాగాలలో మొత్తం 23 మార్కులకు మంచం పక్కనే చేసే పరీక్ష అది. అరగంట ఓపిక కావాలి. మీ డాక్టరుగారిని ఈ పరీక్ష పేరు చెప్పి అడగండి. అడగడం అగౌరవం కాదు.

ఈ పరీక్షలోని ఒక భాగాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మీరే ఇంట్లో గమనించవచ్చు. కోలుకునే చాలామందిలో ఎరుకకు మొదటి గుర్తుగా కనిపించేది చూపుతో వెంబడించడం. దాన్ని పట్టడానికి వేలు ఆడించడం కంటే, టార్చి వెయ్యడం కంటే అద్దం మేలు. తన ముఖం తనకు కనపడితే చూపు నిలిచినంతగా మరి దేనికీ నిలవదు. ఉదయం పూట, ఒళ్లు తుడిచాక, మంచం తలవైపు బాగా పైకి లేపి, తలను దిండ్ల ఆసరాతో నిటారుగా ఉంచండి. టీవీ, ఫోన్ల చప్పుడు ఆపండి, గదిలో ఎక్కువ మంది లేకుండా చూడండి. చేతి అద్దాన్ని ముఖానికి జానెడు కంటే కొంచెం దగ్గరగా పట్టుకుని, అతని కళ్లు అద్దంలో పడ్డాక, మాట్లాడకుండా, మెల్లగా కుడివైపు, తిరిగి మధ్యకు, ఎడమవైపు, ఆ తరువాత పైకి, కిందికి జరపండి. కళ్లు అద్దం వెంట జారుతూ వస్తున్నాయా, లేక అద్దం వెళ్లిపోయినా ఉన్నచోటే ఉండి ఎప్పుడో ఊరికే తిరుగుతున్నాయా అన్నదే చూడవలసింది. ఒక్కసారి వస్తే సంతోషించండి గాని లెక్క వెయ్యకండి. మళ్లీ మొదలుపెట్టి రెండోసారి కూడా వస్తేనే రాసుకోండి. పక్కన మరొకరు ఫోనుతో అతని కళ్లు కనపడేలా వీడియో తీస్తే మీ డాక్టరుకు అంతకంటే మంచి ఆధారం ఉండదు.

చేతి విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. "నా చెయ్యి నొక్కు అంటే నొక్కుతున్నాడు" అని దాదాపు ప్రతి కుటుంబమూ చెబుతుంది. అరచేతిలో వేలు పెడితే పసిపిల్లలు పట్టుకున్నట్టే మెదడు దెబ్బతిన్న పెద్దవారి చెయ్యి కూడా తనంతట తాను మూసుకుంటుంది. అది ఎరుకకు గుర్తు కాదు. అందుచేత చెయ్యి ముట్టుకోకుండా "బొటనవేలు పైకెత్తు" అనో, "నాలుక బయటపెట్టు" అనో చెప్పి, పది సెకన్లు ఆగండి. తరువాత "ఇప్పుడు కదపకు" అని చెప్పి మళ్లీ పది సెకన్లు ఆగండి. చెప్పినప్పుడు కదిలి, వద్దన్నప్పుడు ఆగడం నాలుగింట మూడు సార్లు జరిగితే అది వినికిడి, అర్థం చేసుకోవడం, పాటించడం మూడూ కలిసిన పని. ఆవులింత, పళ్లు కొరకడం, నోరు నమలడం, చప్పుడుకు ఉలిక్కిపడడం, కారణం లేకుండా కన్నీరు కారడం వంటివి ఎరుక లేకున్నా జరుగుతాయి. కాని అమ్మ గొంతు వినగానే మాత్రమే ఏడుస్తూ, మిగతా గొంతులకు ఏడవకపోతే, దాన్ని తప్పక రాసుకోండి. సూది గుచ్చినప్పుడు రెండో చెయ్యి ఆ చోటికి వెళ్లి తోసే ప్రయత్నం చేస్తే అదీ రాసుకోండి. మీ మనసుకు అనిపించింది కాకుండా కంటికి కనిపించింది రాయండి. తేదీ, వేళ, అప్పుడు ఇచ్చిన మందు పక్కన ఉండాలి.

ఇక అంకెలకు వద్దాం. ప్రమాదం జరిగిన రోజున వేసే అంచనాకు కొన్ని సూత్రాలు ఉన్నాయి. 1974లో గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ తయారుచేసిన గ్లాస్గో కోమా స్కేల్‌లో 3 నుంచి 15 దాకా మార్కులుంటాయి. 8 గాని అంతకంటే తక్కువ గాని వస్తే తీవ్రమైన గాయం అంటారు. దానికి వయసు, కంటిపాపలు, సీటీ స్కానులోని మార్పులు, ఆక్సిజన్ తగ్గిందా, బీపీ పడిపోయిందా అన్నవి కలిపి లెక్కగట్టే 'ఇంపాక్ట్', 'క్రాష్' అనే రెండు నమూనాలు 2008లో వచ్చాయి. వీటిలో రెండోది పది వేల మందికి పైగా రోగుల వివరాలతో తయారైంది. మనవంటి దేశాలకు వేరే లెక్క కూడా ఇచ్చింది. మీ తమ్ముడి వయసు, కంటిపాపల స్పందన అతనికి అనుకూలమైనవి. చేతులు ముడుచుకోవడం, గడ్డ తీయవలసి రావడం ప్రతికూలమైనవి. అయితే ఈ నమూనాలు గుంపు గురించి చెబుతాయి. అలాంటివారు వంద మంది ఉంటే ఎందరు బాగుపడతారో చెప్పగలవు గాని, ఆ వందలో మీ తమ్ముడు ఎటువైపు ఉన్నాడో చెప్పలేవు. పైగా అవి మొదటి రోజు లెక్క. అయిదో వారం దాకా బతికి, సొంతంగా ఊపిరి తీసుకుంటున్న మనిషికి మొదటి రోజు అంకె పట్టుకుని తీర్పు చెప్పడం సరికాదు.

ఇప్పటి స్థితికి దగ్గరగా వచ్చే అంకె 2021లో అమెరికాలోని ట్రాక్ టీబీఐ అధ్యయనం ఇచ్చింది. గాయమైన రెండు వారాలకు వెజిటేటివ్ స్థితిలో ఉన్న 79 మందిని వెంబడించి చూస్తే, ఏడాది తిరిగేలోగా 78 శాతం మందికి ఎరుక తిరిగి వచ్చింది. కాలం, చోటు, మనుషులను గుర్తించి చెప్పగలిగే స్థాయికి చేరినవారు, ఏడాది చివర వివరాలు దొరికిన వారిలో, 25 శాతం. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. మొదటిది మాత్రమే చెప్పేవారు మీకు లేని ఆశ పెడుతున్నారు, రెండోది మాత్రమే చెప్పేవారు ఉన్న ఆశను తీసేస్తున్నారు. అక్కడి ఆసుపత్రుల్లో దొరికే పునరావాస చికిత్స మనకు ఇంటి దగ్గర దొరకదు కనుక, ఆ అంకెలు యథాతథంగా ఇక్కడ వర్తిస్తాయని నేను చెప్పను. మీ తమ్ముడు రెండో వారంలో కాదు, అయిదో వారంలో ఉన్నాడు కనుక కొంత తగ్గించుకునే చదవాలి. అయినా "ఇక ఇంతే" అన్న మాటకు మాత్రం ఆ అంకెలు చోటివ్వవు.

దెబ్బ వల్ల ఎరుక పోవడానికి, ఆక్సిజన్ అందక ఎరుక పోవడానికి ఉన్న తేడాను కూడా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఇతరులు చెప్పారని మీరు రాసిన కొన్ని ఉదాహరణలు గుండె ఆగి బతికినవారివి. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు మెదడులో ఒక భాగాన్ని మరొక భాగంతో కలిపే సన్నని నరపు పోగులు సాగి తెగుతాయి. పైపొరలోని కణాలు చాలావరకు బతికే ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొట్టినప్పుడు చాలా ఇళ్లలో బల్బులు బాగానే ఉన్నాయి, స్తంభాలు కూలి తీగలు తెగడం వల్ల ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఒక్కో లైను వేసుకుంటూ వస్తే వీధి వీధికీ కరెంటు తిరిగి వచ్చింది, కొన్ని చోట్లకు చాలా ఆలస్యంగా వచ్చింది. దెబ్బ తగిలిన మెదడులో జరిగేది దాదాపు ఇదే. గుండె ఆగి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే బల్బులే కాలిపోతాయి, ఆ తరువాత తీగ వేసినా లాభం తక్కువ. అందుకే 1994లో అమెరికాలోని నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన నివేదికలో, ఆక్సిజన్ అందని రోగులకు 3 నెలలు, దెబ్బ తగిలినవారికి 12 నెలలు గడిచిన తరువాతే కోలుకునే అవకాశం బాగా తగ్గిపోయినట్టు లెక్కించారు. 2018లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ మార్గదర్శకాలు ఆ గడువు తరువాత కూడా 'శాశ్వతం' అనే మాట వాడవద్దని, ఆ పైన కూడా కొందరిలో మార్పు కనిపిస్తోందని చెప్పాయి. మొదటి 28 రోజుల్లో ఎవరికీ ఇక బాగుపడడన్న అర్థం వచ్చేలా మాట్లాడవద్దని అవే మార్గదర్శకాలు వైద్యులను కోరాయి.

ఆ మాటకు ఎందుకంత బరువు అంటే, ముందే చెప్పిన తీర్పు తనను తానే నిజం చేసుకుంటుంది. కెనడాలో ఆరు ఆసుపత్రుల్లో తలకు తీవ్ర గాయమైన 720 మంది రోగులపై చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, చనిపోయినవారిలో 70 శాతం మంది ప్రాణాధార చికిత్స ఆపిన తరువాత చనిపోయారు. మన వైపు ఇది మరో రూపంలో జరుగుతుంది. ఇక లాభం లేదని విన్న కుటుంబం "మా బాధ్యత మీద తీసుకువెళ్తున్నాం" అని సంతకం పెట్టి ఇంటికి తీసుకువస్తుంది. గొట్టం శుభ్రం చేసేవారు లేక, ఒళ్లు తిప్పేవారు లేక, నిమ్ముతోనో పుండుతోనో ఆ మనిషి పోతాడు. అప్పుడు ఆ డాక్టరు ముందే చెప్పారని అనుకుంటారు. అతనికి మెదడు కోలుకునేదో లేదో ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

అందుకే ఎరుక రాకపోవడానికి బాగుచేయగల కారణం ఏదైనా అడ్డుపడుతోందా అన్నది మీరు మొదట అడిగించవలసిన విషయం. తలలో నీరు చేరడం నెల, రెండు నెలలకు కూడా మొదలవుతుంది. మెరుగవుతున్న మనిషి ఉన్నట్టుండి వెనక్కి పోతే, లేదా ఎముక తీసిన చోట ఉబ్బు గట్టిపడితే వెంటనే సీటీ స్కాను చేయించాలి. దానికి షంట్ ఆపరేషన్ ఉంది, అంటే చేరిన నీటిని సన్నని గొట్టంతో పొట్టలోకి మళ్లించడం. అలాగే ఎముక తీసిన చోట చర్మం లోపలికి బాగా గుంటపడి ఉంటే, ఎముకను తిరిగి పెట్టించిన తరువాత కొందరు తేరుకోవడం చూశాం. కాళ్లు చేతులు కొట్టుకోకుండా లోలోపల వచ్చే మూర్ఛలు ఈఈజీలోనే, అంటే తలకు తీగలు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్షలోనే కనపడతాయి. రక్తంలో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గడం కూడా మనిషిని మగతలో ఉంచుతాయి. అకస్మాత్తుగా చెమటలు పట్టి, గుండె వేగం పెరిగి, ఒళ్లు బిగుసుకుని, జ్వరంలా వచ్చి తగ్గే దాడులు మెదడు గాయం వల్లనే రావచ్చు. ప్రతిసారీ యాంటీబయాటిక్ మార్చడం దానికి వైద్యం కాదు.

మందుల్లో ఒక్కదానికే గట్టి ఆధారం ఉంది. అమాంటడిన్ అనే మాత్రను, గాయమై 4 నుంచి 16 వారాలు అయిన 184 మందిపై నాలుగు వారాలు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. మాత్ర వాడినవారు ఆ నాలుగు వారాల్లో వేగంగా తేరుకున్నారు. మందు ఆపాక ఆ వేగం తగ్గింది, మరో రెండు వారాలకు రెండు గుంపులూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి. కోలుకోవడాన్ని త్వరపెడుతుందని తేలింది గాని, చివరికి చేరే స్థాయిని పెంచుతుందని తేలలేదు. మీ తమ్ముడు సరిగ్గా ఆ వారాల్లోనే ఉన్నాడు, అది ఖరీదైన మందు కూడా కాదు కనుక మీ న్యూరాలజిస్టును అడగండి; మూర్ఛలు ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా జాగ్రత్త అవసరం, సొంతంగా కొని వాడవద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో లక్షలు అడిగేవారికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈ స్థితిలో అవి ఎరుక తెస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు.

అరసవల్లి నుంచో, పైడితల్లి గుడి నుంచో తీర్థం, ప్రసాదం తెచ్చి నోట్లో వేసే అలవాటు మన కుటుంబాల్లో ఉంది. కుంకుమ నుదుట పెట్టండి, ప్రార్థన అతని పక్కనే కూర్చుని చెయ్యండి, ఎవరూ కాదనరు. మింగడం ఇంకా రాని మనిషి నోట్లో చెంచాడు నీళ్లు పోసినా అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తాయి. ముక్కు గొట్టంలో పసరు మందులు పొయ్యడం కూడా అంతే ప్రమాదం.

ఎరుక వస్తే అది ఎలా వస్తుందో ముందే తెలిసి ఉండడం మంచిది, లేకపోతే మంచి మార్పును చెడుగా అనుకుంటారు. సినిమాల్లో లాగా ఒక ఉదయం లేచి అమ్మా అని పిలవడం జరగదు. మొదట చూపు నిలుస్తుంది, తరువాత వెంబడిస్తుంది, తరువాత చెప్పిన చిన్న పని ఒక్కోసారి చేస్తాడు, ఆ పైన గొంతు గొట్టం మూసినప్పుడు ఒకటి రెండు మాటలు రావచ్చు. ఆ తరువాత చాలామందిలో ఒక కష్టమైన దశ వస్తుంది: గొట్టాలు పీకేస్తారు, తిడతారు, కొడతారు, రాత్రి నిద్రపోరు, నిన్న జరిగింది ఈ రోజు గుర్తుండదు. పిచ్చి పట్టిందని భయపడి ఎక్కువ మోతాదులో మత్తు మందు ఇప్పించేది ఈ దశలోనే. అది కోలుకునే దారిలో వచ్చే మజిలీ. వెలుతురు, నిశ్శబ్దం, తెలిసిన ముఖాలు, వేళకు నిద్ర దానికి మొదటి వైద్యం. ఆ తరువాత కూడా జ్ఞాపకం, కోపం అదుపు, ఒక పక్క బలహీనత వంటివి మిగలవచ్చు. ఫోనులో తిరిగే పంతొమ్మిదేళ్ల కోమా తరువాత లేచిన మనిషి కథ మీరూ చూసే ఉంటారు. అది అమెరికాలోని టెర్రీ వాలిస్ అనే వ్యక్తిది. 1984లో ప్రమాదం జరిగింది, 2003లో మాట్లాడాడు. అతను ఆ ఏళ్లన్నీ కోమాలో లేడు, కొద్దిపాటి ఎరుకతోనే ఉన్నాడు. మాట వచ్చిన తరువాత కూడా ఒళ్లు స్వాధీనంలోకి రాలేదు, కొత్త విషయాలు గుర్తుండేవి కావు. ఆ కథను ఆధారం చేసుకుని అప్పు చెయ్యవద్దు.

ఇక్కడ మీకు తప్పక తెలియవలసిన మరో విషయం ఉంది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, వెజిటేటివ్ స్థితిలో ఉన్న 23 ఏళ్ల యువతిని స్కానులో పెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించమని చెబితే, ఆరోగ్యవంతుల మెదడులో వెలిగే చోటే ఆమె మెదడులోనూ వెలిగింది. బయటికి వేలు కూడా కదపలేని మనిషి లోపల మాట విని పాటించింది. 2019లో ఈఈజీతో 104 మందిని పరీక్షిస్తే బయటికి ఏ స్పందనా లేనివారిలో 15 శాతం మందిలో ఇలాంటి లోపలి స్పందన దొరికింది, ఏడాది తరువాత వారు మిగతావారి కంటే మెరుగ్గా ఉన్నారు. 2024లో పలు దేశాల ఆసుపత్రులు కలిసి ప్రచురించిన అధ్యయనంలో 241 మందిలో 60 మంది, అంటే నాలుగోవంతు, ఇలాంటివారే. ఈ పరీక్షలు మన దగ్గర రోజువారీ వైద్యంలో లేవు. అందువల్ల మీ తమ్ముడు ఆ నలుగురిలో ఒకడు కావచ్చునన్న ఎరుకతోనే అతని మంచం దగ్గర మాట్లాడాలి. తోట అమ్మడం, బతకడం, చావడం గురించిన చర్చ గది బయట చెయ్యండి. లోపలికి వెళ్లినప్పుడు పేరు పెట్టి పిలవండి, ఈ రోజు ఏ వారమో చెప్పండి, ఒళ్లు తిప్పబోయే ముందు తిప్పుతున్నామని చెప్పండి.

డబ్బు విషయం మీరు నేరుగా అడిగారు కనుక నేరుగానే చెబుతాను. ఊపిరి సొంతంగా ఉండి, జ్వరం లేకుండా ఉన్న మనిషిని పెద్ద ఆసుపత్రి ఐసీయూలో రోజులు పెంచి ఉంచడం వల్ల ఎరుక త్వరగా రాదు. ఆ బిల్లు కోసం తోట అమ్మవద్దు. రాబోయే మూడు నెలల ఖర్చుకు మాత్రం సిద్ధంగా ఉండండి: రోజూ ఫిజియోథెరపీ, గొట్టం శుభ్రం చేసే సక్షన్ యంత్రం, ఎయిర్ బెడ్, ప్రొటీను ఉన్న ఆహారం, ఒక ఈఈజీ, మరో సీటీ స్కాను. ఎముక తిరిగి పెట్టే ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండు గంటలకోసారి ఒళ్లు తిప్పడం, ఆహారం ఇచ్చేటప్పుడు, ఇచ్చిన గంట వరకు తల ఎత్తుగా ఉంచడం, రోజుకు రెండు సార్లు నోరు శుభ్రం చెయ్యడం, కీళ్లు బిగుసుకోకుండా కదపడం డబ్బుతో జరిగేవి కావు, మనుషులతో జరిగేవి. ఇంట్లో ఒక్కరి మీదే ఈ పని పడితే నెలలో ఆ ఒక్కరు పడిపోతారు. మీ బావగారు, పిన్ని కొడుకులు వంతులు వేసుకునేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

చికిత్స ఆపవచ్చా అని మీ చిన్నాన్నగారు అడిగారని రాశారు. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. దానికి రెండు వైద్య మండళ్లు విడివిడిగా పరిశీలించాలి. ఆ ప్రశ్న అడగడం పాపం కాదు. దెబ్బ తగిలిన ఇరవై ఆరేళ్ల మనిషికి అయిదో వారంలో దాన్ని తేల్చడానికి ఆధారాలు లేవు, అంతే. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, ఏడాదికి ఒకసారి కోమా రికవరీ స్కేల్ పరీక్ష చేయించి, ఎరుక గుర్తులు పెరుగుతున్నాయా, నిలిచిపోయాయా అన్నది చూసుకుంటూ కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవాలి. మూడో నెలకు చూపు వెంబడిస్తూ, అప్పుడప్పుడు మాట పాటిస్తుంటే నేను ధైర్యంగా ముందుకు వెళ్లమంటాను. ఏడాదికి కూడా ఒక్క గుర్తూ లేకపోతే, నొప్పి లేకుండా చూసుకోవడమే వైద్యం అయ్యే దారి గురించి కూడా మీతో అంతే సూటిగా మాట్లాడతాను.

తిరిగి చూపించడానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మొదటి రోజు సీటీతో సహా అన్ని స్కాను ఫిల్ములు, మీరు రాసిన పుస్తకం, అద్దం పరీక్ష వీడియోలు తీసుకువెళ్లండి. వీలైతే ఉదయం వేళ అడగండి, ప్రయాణం చేసిన వెంటనే పరీక్షించవద్దని, గంటసేపు విశ్రాంతి ఇవ్వమని చెప్పండి. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు ఒక్కటీ వదలకుండా తీసుకువెళ్లండి. మూర్ఛకు, బిగుసుకుపోవడానికి, నిద్రకు ఇచ్చే వాటిలో మగత తెచ్చేది ఏదైనా ఉంటే, దాన్ని తగ్గించగలరా లేదా మార్చగలరా అన్నది డాక్టరుగారితో మొట్టమొదట మాట్లాడవలసిన విషయం.